చారిత్రక దినములు: ఐర్లండు నేర్పు పాఠము

మన పాఠశాలలలో ప్రాతఃకాల ప్రార్థన ముగిసిన వెంటనే ఒక బాలుడు గాని బాలిక గాని ముందునకు వచ్చి, "నేటి విశేషము" అని ఒక కాగితమును చదువుట వాడుక. ఈ దినమున ఫలాన మహనీయుడు జన్మించెను, ఫలాన యుద్ధము జరిగెను, ఫలాన దేశము స్వతంత్రమాయెను అని రెండు మూడు వాక్యములు వినబడును. పిమ్మట గంట మ్రోగును. పిల్లలు వరుసగా తరగతులకు పోవుదురు. మధ్యాహ్న భోజన వేళకు ఆ తేదీ చదివినవానికిని జ్ఞాపకముండదు. ఇది కాలహరణమే గనుక మానివేయుట మేలని కొందరు తలిదండ్రులు చెప్పగా వినుచున్నాము. మా అభిప్రాయము వేరు. ఆచారము మంచిదే. దానిని నడపు విధము మాత్రము మారవలెను.

యెహోషువ యొర్దాను నదిని దాటినప్పుడు నదీగర్భమునుండి పండ్రెండు రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించిన వృత్తాంతము మన పిల్లలెల్లరు ఎరుగుదురు. ఆ రాళ్లు అందమునకు నిలిపినవి కావు. రాబోవు కాలమున పిల్లలు, ఇవి ఏమి రాళ్లని అడిగినప్పుడు పెద్దలు వృత్తాంతము చెప్పవలెనని నిలిపినవి. అడుగు పిల్లవాడును చెప్పు పెద్దయు లేనిచో ఆ రాళ్లకును ఏటియొడ్డున నున్న తక్కిన రాళ్లకును భేదము లేదు. తేదీయు అట్టిదే. ప్రశ్న పుట్టింపని తేదీ వట్టి అంకె.

ఇక ఎట్టి ప్రశ్నలు పుట్టింపవలెను? దీనిని మన యూరి తేదీలతో మొదలిడితిమేని చర్చకు ముందే మన మనస్సులలో పక్షములు లేచును. కావున ముందు ఒక దూరదేశపు దినములను పరిశీలింతము. ఐర్లండు ద్వీపము మన తెలంగాణ రాష్ట్రముకంటె చిన్నది. పరపాలనము, కరవు, మతకలహము, దేశవిభజనము, అన్నియు చవిచూచిన దేశమది. అచ్చటి పంచాంగమున దాదాపు ప్రతి తేదీకి ఒక కథయు, ప్రతి కథకు ఒక తగవును ఉండును. మన తెలుగు దేశముతో దానికి గల సంబంధమును మనము తలంచునంత స్వల్పము కాదు.

ఆ పంచాంగమున మొదట చెప్పదగినది మార్చి 17. అది పాట్రిక్ భక్తుని మరణదినముగా పరంపరగా ఎంచబడుచున్నది. ఐర్లండు జనులు లోకమందెచ్చట నున్నను ఆ దినమును తమ జాతీయదినముగా ఆచరింతురు. అయితే ఈ పాట్రిక్ ఐర్లండులో పుట్టినవాడు కాడు. అయిదవ శతాబ్దమున బ్రిటనునుండి పదునారేండ్ల ప్రాయమున దొంగలచే ఎత్తుకొని పోబడి, ఆరు సంవత్సరములు దాసుడై ఆ దేశమున మందలను కాచి, తప్పించుకొని పోయి, తనను చెరపట్టిన జనుల యొద్దకే సువార్తికుడై తిరిగి వచ్చినవాడు. ఒక జాతి తన ముఖ్యదినమును పరదేశి పేర, అందును తాను దాసునిగా వాడుకొనినవాని పేర నిలుపుకొనినది. ఈ రెండవ మాట చెప్పక మార్చి 17 అని మాత్రము చదివినచో పిల్లలకు దక్కునదేమి?

రెండవది 1916 ఏప్రిల్ 24. నాడు ఈస్టరు మరునాటి సోమవారము. డబ్లిన్ నగరమున పెద్ద తపాలా కార్యాలయమును పట్టుకొని కొందరు దేశభక్తులు స్వతంత్ర రాజ్యమును ప్రకటించిరి. ఏప్రిల్ 29న వారు లొంగిపోయిరి. మే 3 మొదలు 12 వరకు 15 మందిని ప్రభుత్వము కాల్చి చంపించెను. కార్మిక నాయకుడగు జేమ్స్ కానలీ గాయపడి నిలువలేకుండుటచే మే 12న అతనిని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి. వీరుల పేరులను పుస్తకములు చెప్పును. కాని ఆ వారములో నాలుగు వందలకు పైగా జనులు మరణించిరనియు, వారిలో సగమునకు మించినవారు ఏ పక్షమునను ఆయుధము పట్టని సామాన్యులనియు చెప్పువారు అరుదు.

ఈ తేదీకి మన తెలుగువారికిని సంబంధము కలదు. 1894 ఆగస్టు 10న బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ చేరెను. ఆయన చదివిన కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించుచుండిన థామస్ మక్‌డొనా ఆ తిరుగుబాటు నాయకులలో నొకడై మే 3న కాల్చబడెను. ఆ సంవత్సరమే గిరిగారును ప్రభుత్వముచే ఐర్లండు విడువవలసినవారైరి. స్వదేశమునకు వచ్చి రైల్వే కార్మికుల సంఘములను కట్టి, కడకు 1969 ఆగస్టు 24న భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిరి. డబ్లిన్ వీధులలో కార్మికుల బాధ కన్న యువకుడు మన దేశమున కార్మికుల పక్షమున నిలిచెను. తేదీ ఒక దేశమున నాటబడి మరియొక దేశమున ఫలించుట కిది దృష్టాంతము.

మూడవది 1919 ఫిబ్రవరి 28. ఈ దినము ఐర్లండు పట్టికలలో కనబడదు, మన పట్టికలలోను తరచుగా కనబడదు. రాయలసీమలోని మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలకు జేమ్స్ కజిన్స్ అను ఐర్లండు కవి ప్రధానాధ్యాపకుడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతమున పట్టము పొందిన విదుషి. స్త్రీలకు ఓటు హక్కు కావలెనని పోరాడి తన దేశమున చెరసాలకు పోయిన ధీర. రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు అతిథిగా వచ్చి, "జనగణమన" గీతమును పాడి వినిపించిరి. మార్గరెట్ ఆ స్వరమును పాశ్చాత్య పద్ధతిలో లిఖింప సాయపడెను. ఠాకూరుగారు అచ్చటనే ఆ గీతమును ఆంగ్లమునకు తర్జుమా చేసి తమ చేవ్రాతతో ఇచ్చిన దినము ఫిబ్రవరి 28. ఆ గీతము 1950 జనవరి 24న మన జాతీయగీతమాయెను. ప్రతి దినము మన పిల్లలు పాడు పాటకును, తెలుగు దేశపు చిన్న పట్టణమునకును, ఒక ఐర్లండు స్త్రీకిని గల ఈ సంబంధమును మన పిల్లలలో ఎందరెరుగుదురు?

అయితే ఇంతటితో నిలిచి, ఐర్లండువారెల్లరు మనకు మిత్రులని పాఠము చెప్పినచో అది అసత్యమగును. పుటను తిప్పుడు. ఫిబ్రవరి 28కి ఆరు వారములు గడిచిన పిమ్మట 1919 ఏప్రిల్ 13న అమృతసరములో జలియన్‌వాలాబాగు హత్యాకాండము జరిగెను. అప్పుడు పంజాబును పాలించుచుండి, కాల్పులు జరిపించిన డయ్యరు చర్యను సమర్థించిన మైకేల్ ఓడ్వయర్ ఐర్లండులోని టిప్పరేరి ప్రాంతమువాడు. మరల పుట తిప్పుడు. 1920 జూన్ 28న అదే పంజాబులో, జలంధరు దండులో, కన్నాట్ రేంజర్స్ దళమునకు చెందిన ఐర్లండు సిపాయిలు, తమ దేశమున ప్రభుత్వ సైనికులు చేయుచున్న దౌర్జన్యమునకు నిరసనగా, ఇక కొలువు చేయమని ఆయుధములు దించిరి. ఆ దళమువారిలో జేమ్స్ డేలీ అను యువకుని 1920 నవంబరు 2న దగ్షాయి చెరలో కాల్చి చంపిరి. ఒక సంవత్సరము కొన్ని మాసముల కాలములో, ఒక చిన్న దేశమునుండి వచ్చినవారిలో ఒకతె మన పాటకు స్వరము వ్రాసెను, ఒకడు మన జనుల హత్యను సమర్థించెను, ఒకడు అన్యాయపు కొలువు నిరాకరించి ప్రాణమిచ్చెను. జాతిని బట్టి మనుష్యుని తూచరాదను నీతిని ఈ మూడు తేదీలు ప్రక్కప్రక్కన వ్రాసినంతట నల్లబల్లయే బోధించును. ఒక్కటే వ్రాసినచో నల్లబల్లయు అబద్ధమాడును.

ఐర్లండు పంచాంగమున మిక్కిలి కష్టమైన పుట జూలై 12. 1690లో బాయిన్ నదీతీరమున ప్రొటెస్టంటు రాజగు విలియం కతోలిక రాజగు జేమ్సును ఓడించెను. ఉత్తర ఐర్లండులో ప్రొటెస్టంట్లలో అనేకులు నేటికిని ఆ దినమున ధ్వజములతో ఊరేగుదురు. అదే వీధిలోని కతోలికుల కది చాలకాలము తలుపులు మూసికొను దినమై యుండెను. ఇరువురును క్రైస్తవులే, ఇరువురును ఒకే ప్రభువును ప్రార్థించువారే అని మనము సిగ్గుతో జ్ఞాపకము చేసికొనవలెను. మూడు వందల సంవత్సరములకు పైబడిన యుద్ధమును ఒక తేదీ ప్రతి యేట మరల రగిలింపగలిగినది. తేదీని స్మరించుట ఎల్లప్పుడును పుణ్యకార్యమే యని తలంచువారు ఈ పుటను చదువవలెను.

కాని అదే దేశము మరియొక మార్గమును చూపినది. జనవరి 30 అనగానే మనకు 1948లో గాంధీమహాత్ముడు నేలకొరిగిన దినము జ్ఞప్తికి వచ్చును. 1972లో ఆ తేదీననే ఉత్తర ఐర్లండులోని డెర్రీ నగరమున ఊరేగింపుగా పోవుచున్న జనులపై సైనికులు కాల్పులు జరిపి 13 మందిని చంపిరి. గాయపడిన వేరొకడు తరువాత మరణించెను. చనిపోయినవారే నేరస్థులన్నట్లు మొదటి విచారణ పలికెను. బంధువులు ఊరకుండలేదు. ఏటేట ఆ దినమున కూడి, సత్యము చెప్పుడని శాంతముగా అడిగిరి. ముప్పది యెనిమిది సంవత్సరములకు, 2010 జూన్ 15న, రెండవ విచారణ ఫలితము వెలువడినప్పుడు, ఆ కాల్పులు అన్యాయమని బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటులో ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. అంతకు ముందే 1998 ఏప్రిల్ 10న, శుభ శుక్రవారమునాడు, పోరాడిన పక్షములు సంధి చేసికొనినవి. మే 22న ఉభయ భాగముల ప్రజలు ఓటుతో దానిని ఆమోదించిరి. ఒకే రీతిగా ఏటేట స్మరింపబడిన రెండు దినములలో ఒకటి పగను పెంచినది, ఒకటి సత్యమును వెలికి తీసినది. భేదమెచ్చట? జూలై 12న ఊరేగువారు, మేము గెలిచితిమి అనిరి. జనవరి 30న కూడినవారు, ఏమి జరిగినదో చెప్పుడు అనిరి.

ఇంకొక సంగతి కలదు. ఐర్లండు చరిత్రలో అన్నిటికంటె పెద్ద ఘటనకు తేదీయే లేదు. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకినది. పేదలకు అదియే ఆహారము. వరుసగా పంటలు కుళ్లినవి. అయిదారేండ్లలో దాదాపు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. అంతకు తగ్గనివారు ఓడలెక్కి దేశమును విడిచిపోయిరి. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 65 లక్షలకు దిగెను. ఆ కాలముననే కలకత్తానుండియు సాయము పోయినది. అమెరికాలో తమ నేలనుండి తరిమివేయబడి తామే దీనస్థితిలో నున్న చోక్టా ఆదివాసులును 1847లో చందా పోగుచేసి పంపిరి. ఈ కరవు ఏ దినమున మొదలయ్యెను? ఏ దినమున ముగిసెను? ఎవరును చెప్పజాలరు. రాజుల పట్టాభిషేకములకు తేదీలు కలవు. ఆకలికి లేదు. తేదీల పట్టిక నొక్కటే నమ్మిన విద్యార్థి రాజును ఎరుగును, ఆకలిని ఎరుగడు.

ఇక మన మెదక్‌కు వత్తము. 1924 డిసెంబరు 25న మన మహాదేవాలయము ప్రతిష్ఠింపబడినదని ఇచ్చటి బిడ్డలెల్లరకు కంఠస్థము. గోపురము ఎత్తు 173 అడుగులు, దేవాలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, కట్టించినవారు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. ఇంతవరకు పరీక్షలో వ్రాయుదురు. కాని 1914లో పని మొదలైనది మొదలు పదేండ్లు రాయి మోసినవారెవరు? కరవు కాలమున పనికి మారుగా తిండి పెట్టుటకై ఈ కట్టడము సాగినదని మన పెద్దలు చెప్పుదురు. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి, తట్టలెత్తి, సున్నము కలిపి, ఆ కూలితో బిడ్డలను బ్రతికించుకొనిన స్త్రీపురుషులకు పట్టికలో ఒక్క దినమును లేదు. వారి మనుమలు, మునిమనుమలు నేడు మన తరగతులలో కూర్చుండియుండవచ్చును. డిసెంబరు 25న దేవాలయమును చూపునప్పుడు ఆ పదేండ్లను కూడ చూపినచో, ఆ బిడ్డలు గోపురమును తమదిగా తలయెత్తి చూతురు.

ఇంతకంటె కష్టమైన తేదీ సెప్టెంబరు 17. 1948లో ఆ దినమున నిజాము ప్రభువు భారత సైన్యము ఎదుట పోరాటము విరమించినట్లు ప్రకటించెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. ఆ దినమునకు ఏ పేరు పెట్టవలెనను తగవు నేటికిని తెగలేదు. 2022లో కేంద్ర ప్రభుత్వము దానిని విమోచన దినమనియు, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనియు జరిపినవి. విలీన దినమనువారు వేరుగా కలరు. ఇట్టి తేదీ వచ్చినప్పుడు పాఠశాల ఏమి చేయవలెను? చదువకుండ దాటవేయుట సులభము. ఒక పేరు పట్టుకొని జయజయధ్వానములు చేయించుట మరియు సులభము. రెండును తప్పని మా దృఢాభిప్రాయము.

మా తరగతులలో హిందువుల బిడ్డలు, ముస్లిముల బిడ్డలు, క్రైస్తవుల బిడ్డలు ఒకే బల్లపై కూర్చుందురు. ఒకని తాతను రజాకార్లు కొట్టియుందురు. ఒకని తాత దొరల గడీలో వెట్టిచాకిరి చేసి, తిరుగబడి, అడవి పట్టియుండును. ఒకని తాత ఆ సెప్టెంబరు పిమ్మట, ఏ పాపము ఎరుగకయే, ముస్లిమైనందున ప్రాణము పోగొట్టుకొనియుండును. అనేక జిల్లాలలో అట్టి హత్యలు జరిగెనని పండిత సుందర్‌లాల్ సంఘము ప్రభుత్వమునకు విన్నవించెను. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. ఈ మూడును సత్యములే. మూడింటిలో ఒక్కదానినే చదివిన దినమున తక్కిన ఇద్దరు బిడ్డలు తల వంచుకొందురు. మూడును చదివినచో ఎవరును తల వంచుకొన నక్కరలేదు. ప్రతి బిడ్డయు ప్రక్కవాని ఇంటి దుఃఖమును ఎరిగి లేచును. దినమునకు పెట్టు పేరును ప్రభుత్వములు తేల్చుకొనును. ఆ దినమునకు ముందును వెనుకను జరిగినదానిని దాచకుండ చెప్పుట ఉపాధ్యాయుని విధి.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. పసిమనస్సులలో పాతపగలు రేపుట ఎందులకని తలిదండ్రులు అడుగుదురు. మనము చెప్పకున్నంత మాత్రమున బిడ్డలు వినకుందురా? వీధిలో విందురు, చేతిలోని ఫోనులో విందురు. అచ్చట వారు వినునది ఒక పక్షపు మాటయే, అదియు కోపముతో నిండిన మాటయే. పాఠశాలలో విన్నచో ప్రశ్న అడుగుటకు ఉపాధ్యాయుడు ఎదుట నుండును, బదులు చెప్పుటకు ప్రక్కవాడు దగ్గర నుండును. ఇక కాలము చాలదని ఉపాధ్యాయులు చెప్పుదురు. దినమున కొక్కటి చొప్పున ఏడాదికి రెండు వందల తేదీలు వల్లించుటకంటె వారమున కొక్కటి చొప్పున నలువది తేదీలను నిండుగా నేర్చుట మేలు. మార్కులు రావను చింతయు అక్కరలేదు. కథతో వచ్చిన అంకె మరువబడదు. కథలేని అంకె పరీక్ష నాటికి ముందే జారిపోవును.

కావున మా సూచన ఇది. ప్రతి తేదీని గోడపై వ్రాయు విద్యార్థి దాని క్రింద నాలుగు ప్రశ్నలకు బదులు వ్రాయవలెను. ఏమి జరిగెను? ఎవరికి మేలు కలిగెను? ఎవరికి నష్టము కలిగెను? దానినుండి మరి యెచ్చట ఏమి పుట్టెను? మూడవ ప్రశ్నకు బదులు దొరకనిచో ఇంకను వెదకుమని ఉపాధ్యాయుడు చెప్పవలెను. పట్టిక చివర ఒక పుటను తేదీలేనివారి కొరకు ఖాళీగా ఉంచవలెను. బిడ్డలు ఇంటికి పోయి అవ్వను, తాతను అడిగి, కరవు, వలస, చెరువు పని, మొదటిసారి బడిగడప త్రొక్కిన ఆడబిడ్డ, ఇట్టి సంగతులను తెచ్చి అందు వ్రాయవలెను. ఆ పుట నిండునప్పుడు మన మెదక్ చరిత్ర మన బిడ్డల చేవ్రాతతోనే నిలుచును.

యొర్దాను రాళ్లను ఎత్తినవారు పండ్రెండు గోత్రములనుండి పండ్రెండుగురు. ఒక్క గోత్రమువారే ఎత్తి తెచ్చినచో అది ఒక ఇంటి గుర్తుగానే యుండెడిది. మన పాఠశాల గోడమీది తేదీలను కూడ అందరి బిడ్డలును ఎత్తి తేవలెను. ఆ పనికి ఉపాధ్యాయులు దారి చూపుదురు గాక. తలిదండ్రులు ఇంట తమకు తెలిసిన సత్యమును దాచక చెప్పుదురు గాక. విద్యార్థులు వినుటతో తృప్తి పడక అడుగుట నేర్తురు గాక.